వెళ్ళడానికి 12 గంటలు, రావడానికి 32 గంటలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి డాలస్‌లో ఉంటోంది. రెండో కాన్పుకి సాయంగా ఏప్రిల్‌లో నేనూ మావారూ వెళ్తున్నాం, సెప్టెంబర్‌లో తిరిగి వస్తాం. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదలు. అల్లుడు టికెట్లు పంపాడు. హైదరాబాద్‌లో శుక్రవారం తెల్లవారుజామున 4:00కి ఎక్కి, దుబాయ్‌లో మారి, అదే శుక్రవారం సాయంత్రం 4:10కి డాలస్‌లో దిగుతామట. అంటే 12 గంటలు. తిరుగు టికెట్‌లో మాత్రం డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 6:30కి ఎక్కితే హైదరాబాద్‌లో దిగేది ఆదివారం తెల్లవారుజామున 3:05కి. అంటే 32 గంటలు! ఫోన్‌లో చూస్తే వైజాగ్ నుంచి డాలస్‌కి 14,400 కిలోమీటర్లు, ప్రయాణం 17 గంటలు అని ఇంకో లెక్క. రిటైరైన తెలుగు మాస్టారు మావారు. భూమి తిరగడం వల్ల ఇలా అవుతుందంటారు. వచ్చేటప్పుడు మమ్మల్ని ఎక్కడెక్కడో తిప్పుతారేమోనని నా అనుమానం. పైగా వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి గురువారం రాత్రి 8:00 విమానం విడిగా బుక్ చేశాడు. అక్కడ ఆరేడు గంటలు కూర్చోవాలి. దాని తర్వాత విమానానికి వెళ్తే చాలదా? పక్కింటి ఒడియా ఆవిడ భువనేశ్వర్ నుంచి వెళ్ళడమే మంచిదంటోంది. నాకు షుగరు, మోకాళ్ళ నొప్పులు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. — ఓ అమ్మమ్మ

జవాబు:

అమ్మా, ముందు కంటినిండా నిద్రపోండి. మీ అల్లుడు తీసిన టికెట్లు బాగానే ఉన్నాయి. వెళ్ళడానికి 12 గంటలు కాదు, రావడానికి 32 గంటలూ కాదు. రెండూ ఇరవై రెండు గంటల చిల్లరే. బరంపురంలో పాతికేళ్ళుగా టికెట్లు చేస్తున్నాను. మొదటిసారి వెళ్ళే అమ్మానాన్నల్లో ఈ ప్రశ్న అడగనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాగితం, పెన్ను తీసుకోండి. మాస్టారిని కూడా పిలవండి.

టికెట్ మీద ఉండే ప్రతి టైమూ ఆ ఊరి గోడ గడియారం టైము. హైదరాబాద్ అని ఉన్నచోట మన టైము, దుబాయ్ అని ఉన్నచోట దుబాయ్ టైము, డాలస్ అని ఉన్నచోట డాలస్ టైము. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డాలస్ మీరు వెళ్ళే ఏప్రిల్‌లోనూ, వచ్చే సెప్టెంబర్‌లోనూ మనకంటే పదిన్నర గంటలు వెనక. చలికాలంలో అయితే పదకొండున్నర, ఎందుకంటే అక్కడివాళ్ళు మార్చిలో గడియారం ఒక గంట ముందుకు జరిపి, నవంబర్‌లో మళ్ళీ వెనక్కి తిప్పేస్తారు. మనకి వింతగా ఉంటుంది గాని వాళ్ళకి అలవాటే.

ఇప్పుడు అన్నిటినీ మనింటి టైములోకి మార్చేద్దాం. మీరు డాలస్‌లో దిగేది అక్కడి శుక్రవారం సాయంత్రం 4:10. దానికి పదిన్నర గంటలు కలపండి. పర్లాకిమిడిలో అప్పుడు శనివారం తెల్లవారుజామున 2:40. శుక్రవారం 4:00కి ఎక్కి శనివారం 2:40కి దిగారు, అంటే 22 గంటల 40 నిమిషాలు. తిరుగు ప్రయాణం కూడా ఇలాగే. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 6:30 అంటే మనకి శనివారం ఉదయం 5:00. అప్పుడు ఎక్కి ఆదివారం 3:05కి హైదరాబాద్‌లో దిగుతారు. 22 గంటల 5 నిమిషాలు. చూశారా, రావడానికే కాస్త తక్కువ పట్టింది. మీరు ఎక్కువ అనుకున్న ప్రయాణమే నిజానికి చిన్నది.

మాస్టారి భూభ్రమణం సంగతి చూద్దాం. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది, విమానం పడమరకి పోతోంది, కాబట్టి డాలసే మనకి ఎదురొస్తుంది అని ఆయన ఉద్దేశం అయ్యుంటుంది. ఇలా అనుకునేవాళ్ళు చాలామందే. చదువుకున్నవాళ్ళు కూడా. కానీ భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. గుణుపురం ప్యాసింజర్ నౌపడ వైపు పోతున్నప్పుడు పెట్టెలో ఒక ఈగ ముందు సీటు నుంచి వెనక సీటుకి ఎగిరిందనుకోండి. రైలు ముందుకి పోతోంది కదా అని వెనక సీటు దాన్ని వచ్చి గుద్దుకోదు. బండి ఆగి ఉన్నప్పుడు ఎంతసేపు పడుతుందో, నడుస్తున్నప్పుడూ అంతే. నిజంగా డాలసే ఎదురొచ్చేదయితే వెళ్ళేటప్పుడు తక్కువ టైము పట్టాలి. మీ టికెట్‌లో అందుకు వ్యతిరేకంగా ఉంది: దుబాయ్ నుంచి డాలస్‌కి 16 గంటలు, డాలస్ నుంచి దుబాయ్‌కి 14న్నర.

ఆ గంటన్నర తేడా తెచ్చేది గాలి. విమానాలు సుమారు 35 వేల అడుగుల ఎత్తున, అంటే పదిన్నర వేల మీటర్ల పైన పోతాయి. మన మహేంద్రగిరి కొండ 1,501 మీటర్లు. అలాంటివి ఏడు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఆ ఎత్తు వస్తుంది. అంత పైన పడమర నుంచి తూర్పుకి నదిలాగా ఒక గాలి పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగంతో వీస్తుంది. అమెరికా నుంచి ఇటు వచ్చే పైలట్లు వీలైనంత ఆ గాలిని వీపున పెట్టుకుని వస్తారు, వెళ్ళేటప్పుడు దాన్ని తప్పించుకుని పోతారు. ఈ తేడాని భూమికి అంటగడతారు గాని, చేసేది గాలి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో ఆగకుండా పోయే విమానం వేసింది. మొదట పడమరగా, యూరప్ మీదుగా అట్లాంటిక్ దాటి వెళ్ళేది. ఆ దారి 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దారి తిప్పేసి, తూర్పుగా పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. పాత దారికంటే 1,400 ఎక్కువ. అయినా 14న్నర గంటల్లోనే చేరింది, పాత దారికంటే దాదాపు రెండు గంటలు తక్కువ. గాలి వెనక నుంచి తోసింది మరి. మన వైపు ఆర్.ఉదయగిరి ఎంత దూరం అంటే ఎవరూ కిలోమీటర్లు చెప్పరు, ఘాటీ ఎక్కాలి కాబట్టి గంటలే చెప్తారు. పైలట్లకీ అదే లెక్క.

ఇక ఆ 14,400 కిలోమీటర్లు. ఫోన్‌లో చూపించిన ఆ సంఖ్య తప్పేమీ కాదు. ఎలా వచ్చిందో ఒక బత్తాయి పండు మీద చూద్దాం, మాస్టారికి నచ్చుతుంది. తొడిమ ఉన్నచోటు ఉత్తర ధ్రువం అనుకోండి. పండు నడుము చుట్టూ ఒక గీత గీయండి, అది భూమధ్యరేఖ. వైజాగ్ 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. పండు మీ వైపున నడుముకి కాస్త పైన పెన్నుతో ఒక చుక్క పెట్టండి. డాలస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంది. 83, 97 కలపండి, సరిగ్గా 180. అంటే డాలస్ పండుకి పూర్తిగా అవతలి వైపున ఉంది, మీ చుక్కకి అటు వీపున, నడుముకి ఇంకాస్త పైన. అక్కడ రెండో చుక్క. ఇప్పుడు పూలు గుచ్చే దారం తీసుకుని ఈ చుక్క నుంచి ఆ చుక్కకి బిగించి పట్టండి. పక్క నుంచి చుట్టి పెడితే దారం ఎక్కువ పడుతుంది. అన్నిటికంటే తక్కువ దారం పట్టేది తొడిమ మీదుగా పోయినప్పుడు.

వైజాగ్ నుంచి డాలస్‌కి దగ్గరి దారి తూర్పు కాదు, పడమర కాదు. నేరుగా ఉత్తరానికి పోయి, ధ్రువం నెత్తి మీదుగా దాటి, అవతల దక్షిణానికి దిగడమే. వైజాగ్ నుంచి ధ్రువానికి 72 డిగ్రీల పైన, ధ్రువం నుంచి డాలస్‌కి 57 డిగ్రీల పైన, కలిపి 129 డిగ్రీల చిల్లర. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. మాస్టారిని గుణించమనండి. ఇంచుమించు ఆ 14,400 వస్తుంది. హైదరాబాద్ నుంచి లెక్కేసినా దాదాపు అంతే. ఆ 14,400ని విమానం వేగంతో, అంటే గంటకి 850, 900తో భాగించేసి ఫోన్ మీకు 17 గంటలు అని చూపిస్తుంది. ఆ దారిన విమానం ఉందా లేదా అన్నది దానికి పట్టదు. కాకి లెక్క అంటాం కదా, అచ్చంగా కాకి లెక్కే.

అలా ధ్రువం మీదుగా మనవాళ్ళు రాకపోలేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా విమానం ఒకటి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. 14 వేల కిలోమీటర్లకి కొంచెం తక్కువ, 17 గంటల ప్రయాణం. నడిపినవాళ్ళు నలుగురూ ఆడవాళ్ళే: కెప్టెన్ జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పోయే విమానాలూ ఉన్నాయి, 18 గంటల పైచిలుకు గాలిలోనే. కాబట్టి 14,400 కిలోమీటర్లు పోలేక కాదు, వైజాగ్ నుంచి డాలస్‌కి రోజూ విమానం నిండా జనం దొరకరు కనుక నేరుగా లేదు. అందుకే దుబాయ్‌లో అందరినీ పోగేసి ఒక బండిలో ఎక్కిస్తారు. నౌపడ జంక్షన్‌లో దిగి మెయిన్ లైన్ బండి పట్టుకోవడం మీకు కొత్తేమీ కాదు కదా.

దుబాయ్‌కి పోవడం వల్ల ఎంత తిరుగుడు? మీరు అనుకున్నంత కాదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,940. మొత్తం 15,490. నేరుగా పోయే దానికంటే 1,100 కిలోమీటర్లు ఎక్కువ, అంటే విమానానికి గంటా పావు. ఢిల్లీ నుంచి మన విమానాల్లో వెళ్ళేవాళ్ళకీ ఈమధ్య తిరుగుడు తప్పలేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశంలోకి మన విమానాల్ని రానివ్వడం మానేసింది, చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది.

కాబట్టి దూరం గురించి బెంగ పెట్టుకోకండి. మీరు చూసుకోవాల్సింది మధ్యలో ఉన్న ఖాళీలు. నేను ఎవరి టికెట్ చూసినా ముందు చూసేది అదే. దుబాయ్‌లో వెళ్ళేటప్పుడు మీకు 2 గంటల 40 నిమిషాలు ఉంది. ఒకే టికెట్, ఒకే పీఎన్‌ఆర్ మీద కాబట్టి సరిపోతుంది. హైదరాబాద్ నుంచి బయల్దేరడం ఆలస్యమై దుబాయ్‌లో రెండో విమానం తప్పిపోయినా, తర్వాత దాంట్లో ఎక్కించాల్సింది విమానం వాళ్ళే. లగేజీ కూడా హైదరాబాద్‌లో వేస్తే డాలస్‌లోనే తీసుకుంటారు.

కానీ వైజాగ్-హైదరాబాద్ టికెట్ విడిగా తీశారన్నారు. అక్కడ ఈ రక్షణ లేదు. ఆ విమానం రెండు గంటలు లేటయి దుబాయ్ విమానం వెళ్ళిపోతే, మొదటి విమానం వాళ్ళు మాకేం సంబంధం అంటారు, రెండో వాళ్ళు మీరు రాలేదు అంటారు. ఇద్దరి మాటా నిజమే. డాలస్ టికెట్ నీళ్ళలో పోసినట్టే. పైగా హైదరాబాద్‌లో మీ పెట్టెలు తీసుకుని, మళ్ళీ అంతర్జాతీయ కౌంటర్ దగ్గరికి తోసుకెళ్ళి వేయాలి. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే ఉండాలి, అంటే రాత్రి 1:00కి. మీరు దిగేది 9:20కి. మధ్యలో మూడున్నర గంటలే మిగులు. ఆ తర్వాత విమానానికి వెళ్దామని అస్సలు అనుకోకండి. మీ అల్లుడు తెలివైనవాడు, ఆ ఆరు గంటల నలభై నిమిషాలు వృథా అనుకోకండి. ఇంటినుంచి పులిహోర పొట్లం కట్టుకెళ్ళండి, ఇద్దరూ తిని ఒక కునుకు తీయండి.

భువనేశ్వర్ మాట పక్కన పెట్టండి. మీకు వైజాగే దగ్గర. పాతపట్నం దాటి శ్రీకాకుళం మీదుగా కారులో నాలుగు గంటలు అనుకోండి. పైగా తీసిన టికెట్ మార్చాలంటే మళ్ళీ డబ్బులు.

ఇంటి గుమ్మం నుంచి లెక్కేస్తే ఎంతో చెప్పమంటారా? గురువారం మధ్యాహ్నం 12:45కి బయల్దేరారనుకోండి. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ క్యూ, పెట్టెలు, అమ్మాయి కారు... ఆ ఇంటి గుమ్మం తొక్కేసరికి 40 గంటలు దాటుతుంది. అందులో గాలిలో ఉండేది 21 గంటల చిల్లరే. మిగతాది రోడ్డు మీదా, కుర్చీల్లోనూ.

12:45 అని ఊరికే అనలేదు. గురువారం రాహుకాలం 1:30 నుంచి 3:00 వరకు. మీరు అడగలేదు గాని అడుగుతారని తెలుసు. డాలస్‌లో దిగేటప్పుడు ఏ ఊరి రాహుకాలం చూడాలి అని మాత్రం అడక్కండి, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక వింత ముందే చెప్తున్నాను, లేకపోతే కంగారు పడతారు. దుబాయ్‌లో మీ విమానం ఉదయం 9:10కి లేస్తుంది. అక్కడి నుంచి 16 గంటలూ పగలే. పడమరకి పోతూ ఉంటారు, సూర్యుడూ పడమరకే వస్తుంటాడు, పైగా ఏప్రిల్‌లో ఉత్తరాన పగలు ఎక్కువ. ముందు సీటు వెనక ఉన్న చిన్న తెరలో మ్యాపు చూస్తే విమానం అమెరికా వైపు కాకుండా ఉత్తరానికి పోతున్నట్టు కనబడుతుంది. దారి తప్పలేదు, బత్తాయి మీద దారం గుర్తు తెచ్చుకోండి. దుబాయ్ నుంచి కూడా దగ్గరి దారి అలా పైకి పోయి దిగేదే. తరచుగా గ్రీన్‌లాండ్ మంచు మీదుగా, కెనడా మీదుగా వెళ్తారు. మాస్టారికి కిటికీ సీటు ఇవ్వండి. మీరు నడవ పక్క సీటు తీసుకోండి, మోకాళ్ళకి అదే మంచిది, రెండు గంటలకోసారి లేచి నాలుగు అడుగులు వేయొచ్చు. కాసేపటికి సిబ్బంది వచ్చి కిటికీలు మూయమంటారు, చీకటి చేస్తారు. రాత్రి అయిందని కాదు, జనం నిద్రపోవాలని. మీకు ఆ శుక్రవారం మొత్తం 34న్నర గంటలు ఉంటుంది. శుక్రవారం ఒంటిపూట భోజనం నియమం ఉంటే ఈ ఒక్కసారికి వదిలేయండి తల్లీ, షుగరున్న మనిషి.

షుగరు మాత్రల గురించి నేను చెప్పకూడదు. మీ డాక్టరుకే చూపించాలి. కానీ టికెట్ చూపిస్తే ఆయనా మీలాగే తికమక పడతారు. అందుకని నేను పైన చేసినట్టు అన్నీ మన టైములో ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: గురువారం రాత్రి 8:00 వైజాగ్, శుక్రవారం 4:00 హైదరాబాద్, 8:00 దుబాయ్, 10:40 మళ్ళీ పైకి, శనివారం 2:40 డాలస్. ఈ మధ్యలో ఏ మాత్ర ఎప్పుడు అని ఆయన చేత్తో రాయించుకోండి. మాత్రలన్నీ, మాస్టారివీ మీవీ, చేతి సంచిలోనే ఉండాలి, పట్టీల్లోనే, చీటీతో సహా. పెద్ద పెట్టెలో వేస్తే 22 గంటల పైనే మీ చేతికి దొరకవు.

చేతి గడియారం సంగతి. కొన్నేళ్ళ కింద మా అత్తగారిని తీసుకుని నేను కూడా ఇలాగే గల్ఫ్‌లో మారాల్సి వచ్చింది. ఇన్ని టికెట్లు చేసినవాడిని, నాకు తెలీదా అన్న ధీమా. గంటన్నర వెనక అని బుర్రలో ఉంది. ఫోన్ చూశాను, 9:20. దాంట్లోంచి గంటన్నర తీసేశాను, 7:50. విమానం 9:45కి. ఇంకా బోలెడు టైముందని అత్తగారికి కాఫీ ఇప్పించి, దుకాణాలు చూపిస్తూ తిప్పాను. ఫోన్ అక్కడి వైఫై పట్టుకోగానే దానంతటదే అక్కడి టైముకి మారిపోయిందన్న సంగతి తట్టలేదు. అది నిజంగానే 9:20. గేటు దగ్గరికి వెళ్ళేసరికి తలుపు మూసేశారు, అద్దంలోంచి విమానం కనబడుతూనే ఉంది. తర్వాతి విమానానికి తొమ్మిది గంటలు కూర్చున్నాం. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కూడా అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది నాకు.

అందుకని మాస్టారి చేతి గడియారం మన టైములోనే ఉంచండి, ముట్టుకోవద్దు, అది మాత్రలకి. విమానం ఎక్కే టైముకి ఫోన్ గాని, చేతి గడియారం గాని చూడకండి. ఎయిర్‌పోర్టులో పైన వేలాడే బోర్డు ఒక్కటే చూడండి. అందులో మీ విమానం నంబరు, గేటు నంబరు, టైము ఉంటాయి. గేటు మారుతుంటుంది కాబట్టి రెండు మూడు సార్లు చూడండి. టికెట్ మీద 9:10 అని ఉంటే తలుపు 9:10 దాకా తీసి ఉంటుందనుకోకండి, ఇరవై నిమిషాల ముందే మూసేస్తారు.

నిజానికి మీకు ఇదేదీ అక్కర్లేకుండా ఒక మార్గం ఉంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి అల్లుడితో ఇద్దరికీ వీల్‌చైర్ పెట్టించండి. దీనికి మామూలుగా డబ్బులు తీసుకోరు, ముందుగా టికెట్‌లో రాయించాలి అంతే. నాకేం రోగమని సిగ్గుపడకండి. మనవాళ్ళు అమ్మానాన్నలకి ఎక్కువగా ఇదే చేస్తారు, నడవలేక కాదు, దారి తెలీక. కుర్చీ తోసే మనిషే గేటు దాకా తీసుకెళ్తాడు, క్యూలో ముందు వరసలో పెడతాడు. డాలస్‌లో ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, ఎక్కడ ఉంటారు అని అడుగుతారు. అమ్మాయి అడ్రసు, ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ఒక కాగితం మీద రాయించి, పాస్‌పోర్టులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

వచ్చేటప్పుడు దుబాయ్‌లో నాలుగు గంటలు ఉంటుంది, రాత్రి పూట. అప్పటికి మీరు ఆరితేరి ఉంటారు. ఒక్క విషయం: డాలస్ నుంచి బయల్దేరాక శనివారం అనేది చాలా చిన్నదిగా గడిచిపోతుంది. వెళ్ళేటప్పుడు మిగిలిన పదిన్నర గంటలు అక్కడ తిరిగి కట్టేస్తారు. ఇంటికొచ్చాక వారం పది రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉంటుంది. పక్కింటావిడ దిష్టి తగిలిందంటారు, నవ్వి ఊరుకోండి.

పలాస జీడిపప్పు కొనుంటారు, అది పట్టుకెళ్ళండి. ఆవకాయ, నెయ్యి మాత్రం చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పడేస్తారు. వాటిని గట్టిగా మూత బిగించి, రెండు కవర్లు వేసి, పెద్ద పెట్టెలో చీరల మధ్య కాకుండా మాస్టారి పంచెల మధ్య పెట్టండి.